గోడ దాటిన కుర్చీలు

మేడం సంతాప సభలో మాట్లాడినవాళ్లంతా ఆమె నేల మీద కూర్చోవడం గురించే చెప్పారు. ఎంత చదువు చదివినా, ఎంత పెద్దవాళ్ల మధ్య తిరిగి వచ్చినా, ఎవరింటికి వెళ్లినా కుర్చీ వద్దని చాప మీదో, చాప లేకపోతే ఉత్త బండల మీదో చతికిలబడేవారని, అంతటి నిరాడంబరత ఈ రోజుల్లో ఎక్కడ చూస్తామని అన్నారు. హనుమకొండలో ఆమె పాఠాలు చెప్పిన డిగ్రీ కాలేజీ హాల్లోనే సభ జరిగింది. వేదిక మీద ఆమె ఫొటో, దానికి బంతిపూల దండ. నేను ఆడవాళ్ల వరసలో చివర కూర్చున్నాను. ఒక్కొక్కరు లేచి నిరాడంబరత అన్నప్పుడల్లా నా తల ఇంకాస్త కిందికి వంగింది. అది నిరాడంబరత కాదని ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆమె ఆర్థికశాస్త్రం మనిషి. ఎవరు పేదవాళ్లో, ఎంత పేదవాళ్లో కొలిచి సర్కారుకు చెప్పడం ఆమె మొదటి ఉద్యోగం. కొన్నేళ్లకు ఆ పని ఏమిటో విప్పి చెబితే మా అబ్బా నవ్వుతూ, "ఎవరింట్ల ఏమున్నదో సూసి సర్కారుకు చెప్తవా? దాన్ని మా దిక్కు చాడీలు చెప్పుడంటరు బిడ్డా" అన్నాడు. ఆమె పడి పడి నవ్వారు. ఆ మాట ఎంత నచ్చిందంటే, తరువాత కాలేజీలో కొత్త పిల్లలకు మొదటి పాఠంలోనే, "మనది చాడీలు చెప్పే శాస్త్రం. అందుకే జర సోంచాయించి చెప్పాలె" అనేవారట.

కళ్లద్దాలు జారితే చేత్తో ఎత్తుకునేవారు కాదు, ముక్కు ముడిచి పైకి నెట్టుకునేవారు. చూసేవాళ్లకు ఏదో వాసన వచ్చి మొహం చిట్లించినట్టు ఉండేది. కొత్తవాళ్లు తమ బట్టలు వాసన చూసుకునేవాళ్లు. వాళ్ల నాన్నది హనుమకొండ చౌరస్తా దగ్గర కిరాణం దుకాణం. ఆ దుకాణంలో పెరిగిన చేతులు కదా, ఎక్కడ కందిపప్పు కనబడినా గుప్పెట్లోకి తీసుకుని, ఊది, ఒక గింజ పంటి కింద వేసుకుని, "పాతది" అనో "రాళ్లున్నయి" అనో తేల్చేసేవారు. బేరం మాత్రం బొత్తిగా రాదు. ఒకసారి మార్కెట్‌లో టమాటాలు కొని నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరిగి ఆ అమ్మే ముసలమ్మను మెచ్చుకుంటూ చూశారు. "ధరల మీద పుస్తకం రాసిన దాన్ని నేను. ఆ ముసల్ది నన్నెట్ల ముంచిందో చూసినవా?" అన్నారు. ఆ ముసలమ్మ మీద ఆమెకు ఎంత గౌరవమో ఆ నవ్వులో తెలిసింది.

ఇక ఆమె నోటి మాట ఒకటుంది: "అడిగినవా?" పిల్లలు ఏ ఊరికో వెళ్లి వచ్చి, "అక్కడ వాళ్లు బాగానే ఉన్నరు మేడం" అంటే, "ఎట్ల తెల్సు?" అనేవారు.

"చూసినం మేడం."

"అడిగినవా?"

"అంటే... కనబడుతాంది గద మేడం."

"పో. అడిగి రా."

మళ్లీ బస్సెక్కి వెళ్లాల్సిందే. వెనకాల పిల్లలు ఆమెను 'అడిగినవా మేడం' అని పిలుచుకునేవాళ్లు. ఆమెకు తెలుసు. సభలో ఒక పూర్వ విద్యార్థి ఈ ముచ్చట చెప్పి, ముక్కు ముడిచి చూపించి అందరినీ నవ్వించాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆ మాట ఆమెకు ఎక్కడ దొరికిందో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

దొరికింది మా ఇంట్లో.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ల గల్లీ. ఇంటికి ఒక గది, ఆ గదిలో సగం మగ్గానిది. అబ్బా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని అక్షరాలు, ఎక్కాలు చెప్పాడు. ఖురాన్, ఉర్దూ దాదీ చెప్పింది. నేను బడి మొహం చూడలేదు. చూడలేదన్న బాధ కూడా నాకు పెద్దగా లేదు, అల్లా దయ. ఆ గదిలో నాకు దొరికిన చదువు నాకు సరిపోయింది.

ఆ గదిలో లేనిది కూర్చునే చోటు. మేమంతా కిందే కూర్చునేవాళ్లం, తినేవాళ్లం, పడుకునేవాళ్లం. కాని మెహమాన్ వస్తే కింద కూర్చోబెట్టడం అబ్బాకు ప్రాణం పోయినంత పని. అబ్బాకే కాదు, గల్లీ మొత్తానికీ. అందుకు మాకొక ఏర్పాటు ఉండేది. గల్లీ చివర కాజీపేట రైల్వే షెడ్డులో పనిచేసి రిటైరైన చాచా ఇల్లుంది. ఆయనింట్లో నాలుగు పేము కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాన్, పూల కప్పులు, స్టీలు ట్రే, ఒక గోడ గడియారం ఉండేవి. ఎవరింటికి మెహమాన్ వస్తున్నా రైల్వే చాచీ ఇంటి నుంచి అవి పెరటి గోడల మీదుగా చేతులు మారుతూ వచ్చేవి. ముందు తలుపు దగ్గర మెహమాన్ చెప్పులు విడుస్తుండగా, వెనక కుర్చీ గోడ దిగుతుండేది. పని అయ్యాక అలాగే గోడ ఎక్కి వెళ్లిపోయేది.

దీన్ని అబద్ధమని మేమెవరమూ అనుకోలేదు. ఇంటికి వచ్చినవాళ్లను గౌరవించడం మాకు దీన్‌లో, మా మతధర్మంలో భాగం. అది ఎక్కడి నుంచి తెచ్చి పెట్టామో చెప్పకపోవడం ఆ గౌరవంలో భాగం. అబ్బా అనేవాడు: "మెహమాన్ ముందల పెట్టింది ఎక్కడికెల్లి అచ్చిందో చెప్తే, అది పెట్టినట్టు గాదు, సూపిచ్చుకున్నట్టు."

అలాంటి గల్లీకి, నాకు పదహారో పదిహేడో ఏళ్లప్పుడు, ఢిల్లీ నుంచి ఎవరో చదువుకున్న మేడం వస్తున్నారని తెలిసింది. మన హనుమకొండ బిడ్డేనట, జంపఖానాలు నేసేవాళ్లతో మాట్లాడతారట, అంతే తెలుసు. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియకూడదనే ఆమె అలా వచ్చారు.

హైదరాబాదులో ఎమ్మే చేసి, ఢిల్లీలో డాక్టరేటు చేసి, అక్కడే ఒక పరిశోధన సంస్థలో చేరిన కొత్తరోజులవి. ఆమె సొంతంగా ఒక పద్ధతి తయారుచేశారు. "జనాన్ని అడిగితే ఉన్నది గూడ లేదంటరు, సర్కారు ఏమన్న ఇస్తదేమోనని. అందుకే అడగొద్దు. చాయ తాగుతా కూసోవాలె, కండ్లతోని చూడాలె, బయటకొచ్చినంక రాసుకోవాలె." తరువాత ఎన్నో ఏళ్లకు ఆమే నాకు ఇలా విప్పి చెప్పారు. ఆ పద్ధతిని పెద్దలు మెచ్చుకున్నారు. ఏ గల్లీల్లో ఇళ్లకు సర్కారు పక్కా కప్పులు వేయాలో, ఇంటింటికీ నల్లాలు పెట్టాలో తేల్చే పని ఆ సంస్థకు వస్తే, సంస్థ ఆ పనిని ఆమెకు అప్పగించింది.

ఆమె మా గల్లీలో ఇల్లిల్లూ తిరిగారు. ఒక ఇంట్లో చాయ్ అయ్యేసరికి పక్కింట్లో కుర్చీలు సిద్ధంగా ఉండాలి. పెరట్లో ఆడవాళ్ల తొక్కిడి, గుసగుసలు. "ఫ్యాన్ తిరుగుతనే ఉన్నదే, ముందల ప్లగ్గు తియ్యే!" అని అమ్మీ గోడవతలికి అరవలేక అరిచింది. మా ఇంట్లో మేడం పేము కుర్చీలో కూర్చుని, పూల కప్పులో చాయ్ తాగి, గోడ గడియారం వైపు చూసి టైమయిందన్నారు. వెళ్తూ వెళ్తూ నన్ను, "ఏం చదువుతున్నవమ్మా?" అని అడిగారు.

"ఇంట్లనే" అన్నాను తల దించుకుని.

"ఇంట్ల చదువుకున్న అని తల దించి చెప్పకు. ఎత్తి చెప్పు" అన్నారు.

ఎంత మంచి మనిషి అనుకున్నాం. గల్లీ గల్లీ అంతా మురిసింది. ఒక్క ఇంట్లోనూ ఆమెను కింద కూర్చోనివ్వలేదని అబ్బా రాత్రి నమాజు తరువాత అల్లాకు కృతజ్ఞతగా షుక్ర్ చేసుకున్నాడు.

ఆ ఏడాది పక్క గల్లీ ఇళ్లకు కప్పులు పడ్డాయి, నల్లాలు వచ్చాయి. మాకు రాలేదు. మనకెందుకు రాలేదని మగవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. "మీ గల్లీల అందరు మంచిగ ఉన్నోళ్లేనట" అని చెప్పి పంపించారు. ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో మాకు అంతుపట్టలేదు. చాయ్ తాగి వెళ్లిన మేడంకూ దీనికీ సంబంధం ఉందన్న ఊహే ఎవరికీ రాలేదు.

మరుసటి వానాకాలంలో ఆమె మళ్లీ వచ్చారు. ఈసారి ఎవరికీ చెప్పకుండా, చేతిలో మిఠాయి పెట్టెలతో. తన పద్ధతికి ఢిల్లీలో మంచి పేరు వచ్చిందని, పెద్ద కమిటీలోకి తీసుకుంటున్నారని, అదంతా ఈ గల్లీ పుణ్యమేనని చెప్పడానికి వచ్చారు. బయట ముసురు. మా ఇంట్లో పెంకుల సందుల నుంచి నీళ్లు కారుతుంటే గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం. మగ్గం మీద నేత తడవకుండా అమ్మీ పాత దుప్పటి కప్పుతోంది. మేడం గుమ్మంలో నిలబడి గిన్నెలను చూశారు, కప్పు చూశారు. తరువాత గోడ చూశారు. గడియారం లేదు.

"కుర్చీలేవి?" అన్నారు మామూలుగానే.

అమ్మీ మొహం పాలిపోయింది. "మరమ్మతుకు ఇచ్చినం మేడం."

ఆమె తలూపి పక్కింటికి వెళ్లారు. అక్కడా కుర్చీలు మరమ్మతుకు వెళ్లాయి. అమ్మీ అప్పటికే గోడ మీదుగా కబురు పంపింది. ఆ అవతలి ఇంట్లో ఉండే ముసలమ్మకు చెవులు సరిగ్గా వినబడవు. ఆమెకు ఈ మరమ్మతు కబురు అందలేదు. "కుర్చీలా? అయ్యో, నిలబడ్డవేంది బిడ్డా, ఉండుండు, ఇప్పుడే తెప్పిస్త!" అని పెరట్లోకి నడిచి, గోడవతలికి గొంతెత్తి కేకేసింది. "ఓ రైల్వే బేగం! ఢిల్లీ మేడం అచ్చింది! కుర్చీలు ఇటు అందియ్యే! ఫ్యాన్ గూడ!"

మేడం వెనకే ఉన్నారు, మేడం వెనక నేనున్నాను. వానలో, గోడ మీద, ముందు కుర్చీ కాళ్లు లేచాయి. ఆ తరువాత కుర్చీ. దాన్ని పట్టుకున్న గాజుల చేతులు కనబడ్డాయి గాని, మనిషి కనబడలేదు. మేడం ముందు నవ్వారు. గట్టిగా, నోరారా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ కుర్చీ ఆమె ఎదుటికి వచ్చి నిలబడింది. ఆమె దాన్ని చూస్తూ, ఆ తడి బండల మీద కింద కూర్చుండిపోయారు.

"అన్ని ఇండ్లల్ల ఒకటే రకం కుర్చీలుంటే, ఒకటే దుకాణంల కొన్నరనుకున్న" అన్నారు. "మా నాయిన దుకాణంల గూడ గల్లీ మొత్తం ఒకటే సబ్బు కొంటరు గద."

తరువాత చెప్పారు. అందరికీ వినబడేలా చెప్పారు. "మీ ఇండ్లకు కప్పులు రాకుంట చేసింది నేనే. ఇంటింటికి కుర్చీలున్నయి, ఫ్యాన్లున్నయి అని రాసింది నేనే."

ఎవరికీ కోపం రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు వింతగా ఉంటుంది. మా ఆడవాళ్లంతా కొంగులు నెత్తి మీదికి లాక్కుని నేల చూశారు. మా కప్పు పోయిందని ఎవరూ అనుకోలేదు, మా కుర్చీ దొరికిపోయిందని సిగ్గుపడ్డారు. ఆమేమో తన కన్ను తనను మోసం చేసిందని సిగ్గుపడ్డారు. చెవులు వినబడని ముసలమ్మ మాత్రం, "కూసో బిడ్డా, కుర్చీ మీద కూసో" అంటూనే ఉంది.

మరునాడు ఆమె అబ్బా దగ్గరికి వచ్చారు. గల్లీలో పెద్దమనిషి అబ్బా. ఆమె మగ్గం పక్కన, నేను చదువుకునే చోట కూర్చున్నారు.

"నేను రాసింది తప్పని మళ్ల రాయాలె చాచా. రాస్తె మీ గల్లీకి కప్పులు వస్తయి. కని తప్పెట్ల జరిగిందో చెప్పాలె గద. కుర్చీలు గోడ మీదికెల్లి ఎట్ల వచ్చినయో, ఎందుకొచ్చినయో రాయాలె. రాయనా?"

అబ్బా నేయడం ఆపాడు. చాలాసేపు నేత మీద చేయి వేసి నిమురుతూ ఉండిపోయాడు.

"గరీబోళ్లమని రాయి బిడ్డా. రాస్తె మాకేం నామోషీ లేదు, ఉన్నదే గద. కని మెహమాన్ కోసం మేం అరువు తెచ్చిన ముచ్చట కితాబుల ఎక్కియ్యకు. అది మాకూ అల్లాకూ నడుమ ముచ్చట. రేపు మా గల్లీకి ఎవలచ్చినా, ఈ కుర్చీ ఎవరిదని సూత్తరు గని కూసోరు."

"కారణం చెప్పకపోతే..." ఆమె ఆగారు. "చాచా, కారణం చెప్పకపోతే నేను ఈ గల్లీకే రాలేదనుకుంటరు. ఇంట్ల కూసొని రాసిందనుకుంటరు. మా పనిల దానికన్న పెద్ద దొంగతనం లేదు."

"నీది నువ్ సూసుకో బిడ్డా. రాయొద్దనే హక్కు నాకు లేదు. నువ్ అడిగినవు గనక చెప్పిన."

నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. రాయొద్దనే హక్కు లేదని అబ్బా నిజాయితీగానే అన్నాడు. కాని ఆమె మా ఇంట్లో చాయ్ తాగిన మనిషి. ఆ మాట తరువాత ఆమెకు రాసే దారి లేదు.

"సరే చాచా" అన్నారు. లేచేటప్పుడు, "మొట్టమొదలు మిమ్ముల అడగాల్సింది" అన్నారు. అంతే.

ఆమె ఏం రాశారో నాకు ఇంగ్లీషు రాకపోయినా తరువాత తెలిసింది. ఆ గల్లీలో లేని కుర్చీలు, లేని ఫ్యాన్లు ఉన్నట్టు రాశాను, పొరపాటు పూర్తిగా నాది, నా పద్ధతి పనికిరాదు. ఎలా జరిగిందని అడిగితే ఒకే జవాబు: నిర్లక్ష్యం. కమిటీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సంస్థలో ఆమె గడువు పొడిగించలేదు. మాకు మాత్రం మళ్లీ సర్వే అయింది, వేరేవాళ్లు వచ్చారు, అడిగి రాసుకున్నారు. కప్పులు పడ్డాయి. నల్లా వచ్చిన రోజు అమ్మీ మొదటి బిందె నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని, వుజూ చేసుకుని, నమాజు చదివింది. నేను ఇప్పటికీ నల్లా తిప్పినప్పుడు అల్హమ్దులిల్లాహ్ అంటాను. అన్న వెంటనే ఆమె గుర్తొస్తారు, నోట్లోని షుక్ర్ తడబడుతుంది.

ఆమె హనుమకొండ వచ్చేశారు. డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. ఇక అప్పటి నుంచీ ఏ ఇంటికి వెళ్లినా నేల మీదే. కుర్చీ చూపిస్తే, "మోకాళ్లు వంగుతయా లేదా చూసుకుంటాన" అనేవారు. మోకాళ్లు నిజంగా వంగని వయసు వచ్చాక కూడా, గోడ పట్టుకుని నెమ్మదిగా దిగేవారు గాని ఎవరింట్లోనూ కుర్చీ ముట్టలేదు.

నన్ను ఆమె మరచిపోలేదు. ఊళ్లలో ఆడవాళ్లతో మాట్లాడడానికి ఆడమనిషి కావాలని అబ్బాను అడిగి, నన్ను వెంట తీసుకువెళ్లారు. మేడారం అడవి దారుల్లో, పాలంపేట పొలాల గట్ల మీద ఆమె వెనక తిరిగాను. గొడుగు నాకు ఇచ్చి తాను ఎండలో నడిచేవారు. "ఇంట్ల చదువుకున్న బిడ్డ. నాకన్న మంచిగ అడుగుతది" అని అందరికీ చెప్పేవారు. నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడడం, ఇలా నాలుగు ముక్కలు రాయడం ఆమె పెట్టిన భిక్షే.

ఒకసారి విశ్వవిద్యాలయంలో ఏదో సదస్సు జరిగితే నన్నూ రమ్మన్నారు. హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు, ఆమెతో కలిసి చదువుకున్నవాడు. వేదిక మీద నుంచి ఆమెను చూసి నవ్వుతూ అన్నాడు: "మన మేడం గారు ఇక్కడే ఉన్నారు. లేని కుర్చీల మీద కూర్చుని చాయ్ తాగి వచ్చిన ఏకైక ఆర్థికవేత్త!"

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వారు, ముక్కు ముడిచి అద్దాలు పైకి నెట్టుకుని, "చాయ్ మాత్రం మంచిగుండె" అన్నారు. ఇంకా నవ్వారు జనం.

నేను బుర్ఖా లోపల చెమటతో తడిసిపోయాను. ఆ చాయ్ మా అమ్మీ పెట్టింది. ఆ కుర్చీ నా చేతులు గోడ దించినది. లేచి నిలబడి నాలుగు మాటలంటే ఆ నవ్వు అక్కడే చచ్చిపోయేది. కాని ఆమె వెనక్కి తిరిగి, నన్ను కళ్లతో వెతికి పట్టుకుని, తల అడ్డంగా ఊపారు. వద్దని. ఆ వద్దనడంలో వేడుకోలు ఉంది. నేను లేవలేదు.

ఆ సాయంత్రం ఎవరినో సాగనంపడానికి కాజీపేట స్టేషన్‌కు వెళ్లాం. ఎప్పటిలాగే రైలుకు చాలా ముందే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాం. ఢిల్లీ వైపు వెళ్లే బండి వచ్చి ఆగింది. ఆమె దాన్ని డబ్బా డబ్బా చూస్తున్నారు.

"బాధయితాందా మేడం?" అన్నాను.

"ఆ బండిల టమాట సూప్ ఇస్తరు. దానికోసం అయితాంది" అన్నారు.

"నేను నవ్వులకు అడగలే. ఒక్కసారి అసలు ముచ్చట చెప్పొచ్చు గద? అబ్బాను నేను ఒప్పిస్త."

"ఒప్పియ్యకు" అన్నారు. బండి కదిలాక మళ్లీ అన్నారు. "నన్ను మీ అబ్బా మెహమాన్ అన్నడు. నేనేమో పంచనామా చేసొచ్చిన. ఆ ఒక్క పని తర్వాత గూడ ఆయన నన్ను మెహమాన్ అనే అన్నడు, చాడీలదానా అనలే. ఇప్పుడు పోయి నోరిప్పితే నేను నిజంగ గదే అయిత."

ఎవరి ఇజ్జత్ కోసం ఎవరు ఇజ్జత్ పోగొట్టుకోవాలో నాకు ఏ కితాబూ చెప్పలేదు. మా ఇంటి మర్యాదను ఆమె పరువు పెట్టి నిలబెట్టారు, మేము నిలబెట్టించుకున్నాం. అల్లా మాకు అంత మంచి మనిషిని పంపాడని కృతజ్ఞత. ఆ మనిషిని అంత చవగ్గా వాడుకున్నామని సిగ్గు. ఈ రెండూ నాలో ఎప్పుడూ విడివిడిగా లేవు.

సంతాప సభ చివర్లో ఒక రిటైరైన ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. మంచి మనసుతోనే మాట్లాడారు. "చిన్నతనంలో ఆమె ఒక సర్వేను ఇంట్లో కూర్చుని రాశారంటారు. ఉండవచ్చు. మనిషన్నాక పొరపాటు సహజం. దాన్ని ఒప్పుకోవడం ఆమె గొప్పతనం. ఆ పశ్చాత్తాపంతోనే జీవితమంతా నేల మీద కూర్చున్నారేమో!" జనం చప్పట్లు కొట్టారు. దండ వేసిన ఫొటో ముందు, క్షమించి పంపించినట్టుగా చప్పట్లు కొట్టారు. ఇక వద్దని తల ఊపడానికి ఆమె లేరు. అయినా నేను లేవలేకపోయాను. చెబితే అబ్బా మాట దాటినట్టు. అబ్బా బతికే ఉన్నాడు.

అబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. చూపు బాగా తగ్గింది. నేను వచ్చేసరికి మంచం మీద తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. సభలో ఎవరేం మాట్లాడారో అడిగాడు. దాచకుండా అంతా చెప్పాను, చప్పట్లతో సహా. తస్బీ ఆగింది.

"ఇంట్ల కూసొని రాసిందన్నరా?"

"అన్నరు అబ్బా."

"సచ్చిపోయినంక గూడ అన్నరా?"

"అన్నరు."

ఆయన మొహంలో, ఆనాడు పెరట్లో కొంగులు లాక్కున్న ఆడవాళ్ల మొహాల్లో ఉన్నది చూశాను. మా అబ్బా మొహం మీద సిగ్గు చూడడం అదే మొదటిసారి.

"రాయి" అన్నాడు. "కుర్చీలు మనయి గాదని రాయి."

"నిజంగ రాయనా?"

"నాదే తప్పు బిడ్డా. మెహమాన్ పరువు కాపాడుడు మన పని. మనం మెహమాన్‌తోని మన పరువు కాపాడిచ్చుకున్నం." మళ్లీ తస్బీ అందుకున్నాడు. "నా పేరు పెట్టి రాయి. ఆమె పేరు పెట్టకు."

"ఆమె పేరు లేకపోతె ఆమె మీద పడ్డ మాట ఎట్ల పోతది అబ్బా?"

"నవ్వినోళ్లకు తెలుస్తది ఎవరి గురించో. వాళ్లకు తెలిస్తే చాలు. ఆమె దాచిపెట్టి చేసింది. దాచిపెట్టి చేసిన మంచిని ఊరందరి ముందల పెడితే దాని సవాబు, దాని పుణ్యం తగ్గుతది. ఆమె సవాబు మనం ఇంకా తినొద్దు. నాది నేను దాసుకున్నది ఇజ్జత్ కోసం. అది ఇప్పుడు నాకెందుకు? పెట్టు నా పేరు."

అందుకే ఆమె పేరు రాయడం లేదు.

మా అబ్బా పేరు ఖాదర్ మియా. వరంగల్‌లో జంపఖానాలు నేసేవాడు. ఆ రోజు ఆమె మా ఇంటికి వచ్చారు, మా అమ్మీ ఇచ్చిన చాయ్ తాగారు. ఆమె కూర్చున్న కుర్చీ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. అది మాది కాదు.